ద్రాస్ చలిలో సెల్ఫ్ అందుకోవాలి: లారీ ఆయిల్ డైరీ

నవంబరు 1, యశ్వంతపూర్

బాడుగ ఖాయమైంది. బెంగళూరు నుంచి కార్గిల్‌కు సోలార్ ప్యానెళ్ళు. మాది 17 అడుగుల ఆరు టైర్ల బండి, బీఎస్4 (పొగ ప్రమాణం, బీఎస్6 కన్నా పాతది). ఇప్పటిదాకా నాగపూర్ దాటి పైకి పోయింది రెండే సార్లు, అదీ ఎండాకాలంలో. ఈ నెల 24న లోడు ఎత్తాలి. శ్రీనగర్ దాకా దాదాపు 3,000 కిలోమీటర్లు, మొత్తం 44వ నంబరు హైవే. పెనుకొండ పక్కనుంచే పోతుంది కాబట్టి మామ ఒకపూట ఇంటి దగ్గర ఆగి పోతానంటున్నాడు. అంతవరకూ మాకు కొత్తేమీ లేదు. అసలు కథంతా శ్రీనగర్ దాటాక వచ్చే చివరి 200 కిలోమీటర్లలో ఉంది. జోజిలా కనుమ 3,500 మీటర్ల ఎత్తు. దాని అవతల చలికి పేరుమోసిన ద్రాస్ ఊరు. రాత్రి అక్కడ ఆగాల్సి వస్తే పొద్దున్నే బండి స్టార్ట్ కావాలి.

మామ అంటే మా డ్రైవర్. మా అమ్మ వైపు వరస. బండి విషయంలో ఆయన మాటే చెల్లుతుంది, సంతకం మాత్రం నాది.

"ఇంజన్ అడుగు చాంబర్‌లో ఇప్పుడుండే ఆయిల్‌తోనే పోదామా, మారుద్దామా?" అని అడిగాను.

"మార్చాల్సిందే. ఏది పోయాలో నువ్వు కనుక్కో. నేను చలికి పుట్టినోణ్ణి కాదబ్బా."

ఈ డైరీ అందుకే మొదలుపెట్టాను. వచ్చే ఏడు మళ్ళీ ఇదే బాడుగ దొరికితే అన్నీ మొదటి నుంచి వెతుక్కునే పని తప్పుతుంది.

నవంబరు 3

మేము ఏళ్ళ తరబడి పోస్తున్నది 15డబ్ల్యూ-40. కంపెనీ మాన్యువల్‌లో ఉన్నదీ అదే. డబ్బా మీది ఆ రెండు అంకెల అర్థం ఇన్నాళ్ళూ నాకు సగమే తెలుసు. "డబ్ల్యూ అంటే వింటర్, పక్కనుండే అంకె మైనస్ డిగ్రీలు" అనుకునేవాణ్ణి. అది తప్పు. 15డబ్ల్యూ అంటే మైనస్ 15 కాదు.

ఎస్‌ఏఈ (అమెరికాలోని ఆటో ఇంజనీర్ల సంస్థ) వాళ్ళ జె300 అనే ప్రమాణంలో ఒక్కో డబ్ల్యూ గ్రేడుకు రెండు పరీక్షలుంటాయి. మొదటిది, స్టార్టరు ఇంజన్‌ను తిప్పగలిగేంత పల్చగా ఆయిల్ ఉందా అనేది. రెండోది, పంపు దాన్ని చాంబర్ లోంచి పీల్చుకోగలదా అనేది. 15డబ్ల్యూకి తిప్పే పరీక్ష మైనస్ 20 దగ్గర, పీల్చే పరీక్ష మైనస్ 25 దగ్గర చేస్తారు. 20డబ్ల్యూకి మైనస్ 15, మైనస్ 20. 10డబ్ల్యూకి మైనస్ 25, మైనస్ 30. 5డబ్ల్యూకి మైనస్ 30, మైనస్ 35. పీల్చే పరీక్షను ప్రతిసారీ ఇంకో ఐదు డిగ్రీలు కింద పెట్టడంలో ఒక తెలివి ఉంది. ఇంజన్ స్టార్ట్ అయిపోయి, ఆయిల్ మాత్రం పైకి ఎక్కకపోతే అంతకన్నా ప్రమాదం లేదు. స్టార్ట్ కాకపోతే ఒక పూట పోతుంది. స్టార్ట్ అయ్యాక, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో బేరింగుకు ఆయిల్ అందకపోతే టర్బోయే పోతుంది.

వెనక ఉన్న 40 సంగతి వేరు. అది ఇంజన్ బాగా వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పే అంకె. షెడ్డులో భాయ్‌తో నాకు వాదన వచ్చింది దీని మీదే. భాయ్ పాతికేళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న మనిషి. "5డబ్ల్యూ అంటే నీళ్ళు. లోడు బండికి నీళ్ళు పోస్తే బోరు అరిగిపోతుంది" అన్నాడు. భాయ్, వేడిలో 5డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 రెండూ ఒకే తరగతి అని చెప్పాను. తల ఊపాడు. నమ్మి ఊపాడా, చాయ్ వచ్చిందని ఊపాడా తెలీదు.

భాయ్ భయంలో కొంత న్యాయం లేకపోలేదు. ఈ మధ్య కార్లకు వస్తున్న 0డబ్ల్యూ-20 లాంటివి వేడిలో కూడా పల్చగానే ఉంటాయి. అవి మా బండికి పనికిరావు. కార్గిల్ నుంచి తిరిగొచ్చిన బండి మే నెలలో నాగపూర్ ఎండలో లోడుతో నడవాలి కదా. కాబట్టి వెనక 40 కదలదు. మార్చేది ముందుండే అంకె ఒక్కటే.

నవంబరు 5, జె.సి. రోడ్

పొద్దున మెట్రో దిగి జె.సి. రోడ్డులో నాలుగు షాపులు తిరిగాను. 15డబ్ల్యూ-40 ఏ షాపులో చూసినా గుట్టలుగా ఉంది. 5డబ్ల్యూ-40 అడిగితే కారు ఆయిల్ చేతిలో పెడుతున్నారు.

రెండో షాపులో జరిగింది రాసుకోవాలి. షాపాయన డబ్బా తిప్పి చూపించాడు. ఏపీఐ (ఆయిల్‌కు తరగతులు పెట్టే అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్ఎన్/సీఎఫ్ అని ఉంది. "సార్, సీ ఉంది చూడండి. డీజిల్‌కీ పోయొచ్చు" అన్నాడు. ఎస్‌తో మొదలైతే పెట్రోలు ఇంజన్లకు, సీతో మొదలైతే డీజిల్‌కు అన్నది నిజమే. కానీ సీఎఫ్ అనేది 1994 నాటి తరగతి, ఏపీఐ ఎప్పుడో పక్కనపెట్టేసింది. మా ఇంజన్‌లో ఈజీఆర్ ఉంది. పొగలో కొంత భాగం మళ్ళీ సిలిండర్ లోకే పోతుంది, దాంతో మసి వచ్చి ఆయిల్‌లో కలుస్తుంది. ఆ మసిని గడ్డ కట్టనీయకుండా మోయడానికి 2002లో సీఐ-4 వచ్చింది, తర్వాత సీఐ-4 ప్లస్. 2016 చివర్లో సీకే-4 వచ్చింది. సీకే-4 ఉన్నది సీఐ-4 ప్లస్ అడిగే బండికి పోయొచ్చు. దానితోపాటే వచ్చిన ఎఫ్ఏ-4 మాత్రం పోయకూడదు, అది వేడిలో పల్చగా ఉండే రకం, పాత ఇంజన్లకు కాదు.

ఇదంతా షాపాయనకు చెప్పలేదు. "వద్దులేన్నా" అని బయటికొచ్చాను. నాలుగో షాపులో పెద్ద బండ్ల 5డబ్ల్యూ-40, సీకే-4, పది లీటర్ల క్యాను ఒకటి దొరికింది. లీటరు లెక్కన మా మామూలు ఆయిల్‌కు రెట్టింపు పైనే పడింది. మూత సీలు, బ్యాచ్ నంబరు రెండూ చూసి తీసుకున్నాను. ఖాళీ క్యాన్లలో ఏదో నింపి అమ్మేవాళ్ళున్న ఊరిది. అందుకే మా షెడ్డులో ఆయిల్ పోయడం అయ్యాక ఖాళీ క్యానుకు స్క్రూడ్రైవర్‌తో తూటు పొడిచి గానీ పారేయం.

దుడ్లు ఇచ్చేశాక అనుమానం పట్టుకుంది. నిజంగా ఇంత అవసరమా?

నవంబరు 8 – 11, కె.ఆర్. పురం

బెంగళూరులో చలిని ఎక్కడ వెతకాలి? ఈ ఊళ్ళో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మా బావమరిది ఐస్‌క్రీం షాపు మూసేసి ఏడాదైంది. పాత డీప్ ఫ్రీజరు అమ్ముడుపోక ఇంటి వెనక పడి ఉంది. దాన్ని అడిగాను. "తిండి పదార్థాలు పెట్టే దాంట్లో ఆయిలేంది బావా" అని మొహం పెట్టాడుగానీ ఒప్పుకున్నాడు. ఇక దాంట్లో తిండి పెట్టం అని మాట తీసుకున్నాడు.

మూడు వెడల్పాటి గాజు సీసాలు తెచ్చాను. ఒకదాంట్లో షెడ్డులో పడి ఉన్న 20డబ్ల్యూ-40, ఒకదాంట్లో మా మామూలు 15డబ్ల్యూ-40, ఒకదాంట్లో కొత్త 5డబ్ల్యూ-40. ప్రతి సీసా మీద పది సెంటీమీటర్ల దూరంతో రెండు గీతలు గీశాను. సైకిల్ వెనక చక్రంలో ఉండే పావు అంగుళం బేరింగ్ గుండ్లు ఒక గుప్పెడు తీసుకున్నాను. గుండు పై గీత నుంచి కింది గీతకు దిగడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్ వీడియోలో చూడాలి. ఇదే నా ప్రయోగశాల.

మొదటి రోజు మొత్తం వృథా. రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి బయటికి తీసేసరికి గాజు మీద మంచు పట్టి లోపల ఏమీ కనపడలేదు. తుడుస్తుంటే ఆయిల్ వేడెక్కుతోంది. పైగా గుండ్లు చేతిలో వెచ్చగా ఉన్నాయి.

అదీగాక రెండు గంటలు పెట్టడమే తప్పని ఆ రాత్రి చదివితే తెలిసింది. 1980-81 చలికాలంలో అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలోని సూ ఫాల్స్ ఊళ్ళో, అప్పటి పరీక్షలన్నీ పాసైన ఆయిల్ పోసిన ఇంజన్లు పాడైపోయాయి. ఆయిల్‌ను గబగబా చల్లార్చి, వంచితే కారుతుందా లేదా చూడటం అప్పటి పరీక్ష. అక్కడి వాతావరణం ఆయిల్‌ను మెల్లగా చల్లార్చింది. మెల్లగా చల్లారితే ఆయిల్ లోని మైనం ఒకదానికొకటి అల్లుకుని జున్నులా నిలబడుతుంది. పంపు ఒక గుటక పీల్చుకుంటుంది, అక్కడ గుంట పడుతుంది, చుట్టూ ఉన్నది ఆ గుంట లోకి జారదు. ఆ తర్వాతే రెండు రోజుల పాటు మెల్లగా చల్లార్చి చూసే పరీక్ష వచ్చింది.

కాబట్టి సీసాలు, గుండ్లు అన్నీ 9వ తేదీ ఉదయం ఫ్రీజర్‌లో పెట్టి 11వ తేదీ ఉదయం దాకా మూత తీయలేదు. గాజును ముందే స్పిరిట్‌తో తుడిచి పెట్టాను. థర్మామీటరు మైనస్ 19 చూపించింది. సీసాలు బయటికి తీయకుండా లోపలే టార్చి వేసి, పట్టకారుతో గుండు వదిలాను.

5డబ్ల్యూ-40లో గుండు రెండు సెకన్లలోపే దిగిపోయింది. 15డబ్ల్యూ-40లో ఐదున్నర. 20డబ్ల్యూ-40లో మొదటిసారి పదహారు, రెండోసారి పద్ధెనిమిది. ఆ సీసాను వంచి చూస్తే ఆయిల్ కదిలింది, కానీ చలిమిడి పాకం కదిలినట్టు. ఇంట్లో మామూలు గదిలో ఇదే గుండు మూడింట్లోనూ కన్ను ఆర్పేలోపు అడుగున టక్కుమంది. అంటే బెంగళూరులో షాపు ముందు నిలబడి, వేలికి రాసుకుని "ఇది పల్చన, ఇది చిక్కన" అనడంలో ఏమీ లేదు.

ఇది కంపెనీల పరీక్ష కాదని నాకూ తెలుసు. గుండు మెల్లగా దిగుతుంది, బేరింగులో ఆయిల్ మీద పడే రాపిడి వేరు. అయినా 15డబ్ల్యూ మైనస్ 19లో గడ్డ కట్టలేదన్నది కళ్ళతో చూశాను. శ్రీనగర్ వరకే అయితే 15డబ్ల్యూ-40 చాలు, ఏ అనుమానం లేదు. చిల్లై కలాన్ అని డిసెంబరు 21 నుంచి నలభై రోజులు వాళ్ళకు గట్టి చలి. అప్పుడు కూడా శ్రీనగర్‌లో రాత్రి మైనస్ ఐదు, ఆరు, ఎనిమిది, ఆ లెక్కలే. ద్రాస్ ఒక్కటే మైనస్ 20 గీత దగ్గర తిరుగుతుంది. ఒక్క రాత్రి కోసం ఇంత దుడ్లు. సరే, ఆ రాత్రి బండి నిలిచిపోతే పోయేది ఇంతకు పదింతలు.

అదే రోజు, మధ్యాహ్నం

అసలు దెబ్బ ఇది. ఫ్రీజర్‌లో నాలుగో సీసా కూడా ఒకటి పెట్టానని రాయలేదు. తుమకూరు రోడ్డు బంకులో పట్టిన డీజిల్, ఊరికే చూద్దామని. ఆయిల్ గోలలో దాన్ని మర్చిపోయాను. ఫ్రీజరు మూసేముందు తీసి చూస్తే పేరిన నెయ్యి. తలకిందులు చేశాను, ఒక్క చుక్క రాలలేదు.

మామకు ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "రేయ్, నువ్వు ఇన్ని రోజులూ ఆయిల్ ఆయిల్ అని చంపినావు గదరా. ట్యాంకులో నెయ్యి ఉంటే ఇంజన్‌లో అమృతం పోసినా ఏం లాభం?"

నిజమే. మన దగ్గర అమ్మే డీజిల్ మన వాతావరణానికి సరిపోయేది. చలికి ముందు దాంట్లో మైనం తెల్లగా మబ్బులా విడుతుంది, తర్వాత ఫిల్టర్‌ను మూసేస్తుంది, ఆ తర్వాత మొత్తం పేరుకుంటుంది. ఆయిల్ గడ్డ కట్టడానికి ఎంతో ముందే ఇదంతా అయిపోతుంది. లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో ప్రత్యేకంగా వింటర్ డీజిల్ తెచ్చింది, పానిపట్ రిఫైనరీలో చేసింది, మైనస్ 33 దాకా పేరుకోదు. కానీ అది పోయడానికి ట్యాంకులో చోటుండాలి కదా. మామ మామూలుగా పంజాబ్‌లో ట్యాంకు నింపుకుని పోదామనే రకం.

పథకం ఇలా మారింది. దారిలో కింద పట్టిన మామూలు డీజిల్ జమ్మూ చేరేసరికి ట్యాంకు అడుక్కు రావాలి. శ్రీనగర్‌లో అక్కడి చలికాలం డీజిల్ పట్టాలి, పట్టాక కనీసం ముప్పై కిలోమీటర్లు నడపాలి. పైపుల్లో, ఫిల్టర్‌లో ఉన్న పాతది పోయి కొత్తది నిండాలంటే అంత దూరం కావాలి. అక్కడి డీజిల్ శ్రీనగర్ చలికే సరిపోయేదైనా కావచ్చు కాబట్టి గడ్డ కట్టకుండా కలిపే మందు ఒక సీసా కొన్నాను. అది డీజిల్ ఇంకా నీళ్ళలా ఉన్నప్పుడే కలపాలి. పేరుకున్నాక కలిపితే కరగదు. పాత డ్రైవర్లు కిరోసిన్ కలిపేవాళ్ళు, ట్యాంకు కింద గుడ్డలు తగలబెట్టేవాళ్ళు. మాది కామన్ రైల్ పంపు (డీజిల్‌ను గట్టి ఒత్తిడితో పంపేది), అది అరగకుండా కావాల్సిన జిడ్డు డీజిల్ నుంచే అందాలి. కిరోసిన్‌కు ఆ జిడ్డు లేదు. మంట సంగతి నేను చెప్పక్కర్లేదు.

నవంబరు 14

రేడియేటర్ విప్పితే ఎర్రటి నీళ్ళు వచ్చాయి. కూలెంటు కాదు, తుప్పు. మూడేళ్ళుగా దారిలో ఎక్కడ తగ్గితే అక్కడ కుళాయి నీళ్ళు పోస్తున్నాం. నీళ్ళు గడ్డ కడితే తొమ్మిది శాతం పెరుగుతాయి, ఇనుప బ్లాకు పెరగదు. ద్రాస్‌లో ఒక్క రాత్రికి ఇంజన్ బ్లాకు పగిలేది. ఆయిల్ గురించి పది రోజులు తల పగలగొట్టుకున్న నాకు ఇది తట్టనే లేదు. మూడుసార్లు కడిగి, కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం పోశాం. ఆ పాళ్ళలో మైనస్ 37 దాకా గడ్డ కట్టదు. ఎక్కువ మంచిదని నిండా కూలెంటే పోయకూడదు, వట్టి కూలెంటు సగం సగం కన్నా ముందే గడ్డ కడుతుంది.

నవంబరు 17

ఆయిల్ మార్పు. ఇంజన్ వేడిగా ఉండగానే డ్రెయిన్ నట్టు విప్పాం. పాత ఆయిల్ నల్లగా, సన్నటి ధారగా వచ్చింది. మసి పట్టిన ఆయిల్ చలిలో కొత్తదాని కన్నా ఇంకా చిక్కబడుతుంది. డబ్బా మీద రాసిన అంకె కొత్త ఆయిల్‌కే చెల్లుతుంది. బయల్దేరే ముందే మార్చింది ఇందుకే. ఫిల్టర్ కొత్తది. గేజి పుల్ల మీద పై గీతకు ఒక వేలెడు కిందికి వచ్చేసరికి ఆపేశాం. క్యానులో లీటరున్నర మిగిలింది.

స్టార్ట్ చేశాక భాయ్ చెవి ఆనించి విన్నాడు. "శబ్దం తేడా ఏం లేదే" అన్నాడు, కాస్త నిరాశగా.

నవంబరు 19

బ్యాటరీలు రెండూ లోడ్ టెస్ట్ చేయించాం. ఒకటి ఫెయిల్. రెండూ మార్చాం, పాతదీ కొత్తదీ జత కడితే పాతది కొత్తదాన్ని లాగేస్తుంది. మైనస్ 18 దగ్గర బ్యాటరీ ఇచ్చే బలం దాదాపు సగానికి పడిపోతుంది, అదే వేళకు ఇంజన్ తిరగడానికి బలం ఎక్కువ అడుగుతుంది. డీజిల్ ఇంజన్‌లో నిప్పు రాజేసే ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడితోనే అంటుకోవాలి. నెమ్మదిగా తిరిగితే ఆ వేడి గోడలకు పోతుంది, రింగుల పక్కనుంచి గాలీ జారిపోతుంది. 5డబ్ల్యూ చేసేదంతా ఆ మొదటి నాలుగైదు చుట్లు గబగబా తిరగనివ్వడమే.

నవంబరు 24

లోడు ఎక్కింది. ఫ్రీజర్ లోని థర్మామీటరు తీసి మామకు ఇచ్చాను, అద్దం కడ్డీకి కట్టమని. బీఎస్6 బండి ఉన్న మా పక్క ట్రాన్స్‌పోర్టాయన "మీకు పొగ శుభ్రం చేసే యూరియా నీళ్ళ టెన్షన్ లేదు, మైనస్ 11కే గడ్డ కడతాయి అవి" అని కుళ్ళుకున్నాడు. పాత బండికి ఒక్కోసారి ఇలాంటి గౌరవం దక్కుతుంది.

డిసెంబరు 4, ఫోన్‌లో

మామ పొద్దున ఏడున్నరకు ద్రాస్ నుంచి చేశాడు. గొంతు వణుకుతోంది, చలికా కోపానికా అర్థం కాలేదు.

"థర్మామీటర్ ఎంతుంది మామా?"

"మైనస్ 16. సెల్ఫ్ రెండోసారికి అందుకుంది. మొదటిసారి మూలిగింది. ఆయిల్ లైటు ఆరడానికి మూడు నాలుగు సెకన్లు పట్టింది."

"మరి కోపమెందుకు?"

"బండి కదల్లేదు. హ్యాండ్ బ్రేక్ విడవలేదు. రాత్రి బ్రేకుల గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్ళు వదలడం మర్చిపోయినా. లైన్‌లో గడ్డ కట్టింది."

దాబా వాళ్ళిచ్చిన వేడినీళ్ళు పోసి, ఎండ పడేదాకా ఆగి, పదిన్నరకు బయల్దేరాడు. గాలి ట్యాంకులు నా పట్టికలో లేవు. ఆయనకు చెప్పిందీ లేదు. తప్పు ఎవరిదని ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు.

డిసెంబరు 17, యశ్వంతపూర్

బండి వచ్చింది. గేజి పుల్ల చూస్తే కింది, పై గీతల మధ్య సగానికి దిగింది. ఆరు వేల కిలోమీటర్ల పైన నడిచాక ఇది మామూలే, 15డబ్ల్యూతోనూ ఇంతే తాగేది.

మైనస్ 16లో 15డబ్ల్యూ-40 ఉన్నా స్టార్ట్ అయ్యేదేమో. లెక్క ప్రకారం అవ్వాలి. భాయ్ అదే అంటున్నాడు, దుడ్లు నీళ్ళపాలు అని. కొత్త బ్యాటరీలతో మొదటిసారి మూలిగిందంటే, పాత ఆయిల్‌తో, పాత బ్యాటరీలతో ఏమయ్యేదో అని నేనంటున్నాను. ఒకే బండి, ఒకే రాత్రి, అన్నీ ఒకేసారి మార్చాం. ఎవరి మాట నిజమో ఇందులో తేలదు. వచ్చే ఆయిల్ మార్పుకు మళ్ళీ 15డబ్ల్యూ-40కే పోతాం, ఎండాకాలమంతా హైదరాబాదు, నాగపూర్ బాడుగలే కాబట్టి. అప్పటిదాకా తగ్గిన మేరకు పోయడానికి క్యానులో మిగిలిన లీటరున్నర ఉంది. దాని మీద మార్కర్‌తో "ఈ బండికే" అని రాసి అటక మీద పెట్టాను. ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్ పక్కన అంటించాను: "రాత్రి ఆపగానే గాలి ట్యాంకు నీళ్ళు."

మామ చూసి, పెన్ను తీసుకుని కింద ఇంకో మాట చేర్చాడు. "ఓనరు కూడా."